సిమ్ తీసేసిన ఫోను

(పదకొండో భాగం)

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కలు. తిరువూరు మసీదు వీధిలో షాహీనా భర్త ఇద్రీస్ ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడే ఉండగా గుండె ఆగి పోయాడు. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ళ కంటపడకుండా ఇంటిపట్టున ఉండాలి. దాన్ని ఇద్దత్ అంటారు. షాహీనా ఇద్దత్ తీరడానికి ఇంక వారం కూడా లేదు. అది తీరగానే ఇల్లు అద్దెకిచ్చేసి విస్సన్నపేటలో తమ ఇంటికి వచ్చి ఉండాలని బావగారు పీర్‌సాహెబ్ పట్టుబట్టాడు. నా ఇల్లు వదిలి రానని షాహీనా అంటోంది. ఈలోపు ఆమె ఇంట్లో ఏం మాట్లాడినా మర్నాటికల్లా విస్సన్నపేటలో తెలిసిపోతోంది. మోసేది సొంత అక్క సబీహాయేనని అనుమానించి, కిందటివారం ఆమెను అనరాని మాటలని పంపేసింది. కూతురు హాస్టల్లో ఉంది, అక్క కూడా వెళ్ళిపోయాక ఇల్లు మరీ బోసిపోయింది. కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటే, అక్క లేని పూట అన్న మాటలు కూడా వెళ్ళాయని తట్టింది. నాలిక్కరుచుకుంది.

అందుకని గురువారం సాయంత్రం ఒక పని చేసింది. స్విచ్చాఫ్ చేసిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, అవతల ఎవరో ఉన్నట్టే మాట్లాడింది.

"అవునండీ, ఇల్లు అమ్మేద్దామనే అనుకుంటున్నా. ఆదివారం వచ్చి చూసుకోండి. మా బావగారికి మాత్రం తెలియకూడదు."

పుట్టి బుద్ధెరిగాక నాటకం ఆడని మనిషి. ఆ మాటలంటుంటే తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించింది. ఫోన్ పక్కన పెట్టేసి, తలుపులు, కిటికీలు, గోడలు అన్నిటినీ ఒకసారి కలయజూసింది. ఇంట్లో పురుగు లేదు. పక్కింటి గోడ ఆవల టీవీ మోగుతోంది. ఈ మాట గనక బయటికి పొక్కిందంటే దాన్ని మోసింది మనిషి కాదు.

ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. శుక్రవారం పొద్దున్న లేచి తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. బియ్యం ఏరుతూ ఏరుతూ చేట వదిలేసి వెళ్ళి వీధి గుమ్మం గడియ చూసొచ్చింది. మధ్యాహ్నం మసీదులో జుమా నమాజు అయిపోయి, వీధిలో చెప్పుల చప్పుడు, పలకరింపులు మొదలయ్యేసరికి ఆమె పీట తెచ్చి గుమ్మం పక్కన వేసుకుంది. రాకపోతే బావుండునని ఒక పక్క, వస్తే తేలిపోతుందని ఇంకో పక్క.

వచ్చాడు. గేటు దగ్గర మోటారుసైకిల్ ఆగింది, స్టాండు పడింది. ఆ తర్వాత ఎప్పటిలాగే గట్టిగా ఒక దగ్గు. తను వచ్చానని చెప్పడానికి పీర్‌సాహెబ్ దగ్గే దగ్గు అది. వసారాకీ హాలుకీ మధ్య గుమ్మానికి ఇద్దత్ మొదలైన రోజున నీలం దుప్పటి ఒకటి పరదాగా కట్టారు. ఇన్ని నెలల్లో ఆయన ఆ దుప్పటి అంచు కూడా ముట్టుకోలేదు. వసారాలో ప్లాస్టిక్ కుర్చీని వీధి వైపు తిప్పుకుని, పరదాకి వీపు పెట్టి కూర్చునేవాడు. అంత నిష్ఠ గల మనిషి. నిష్ఠతో పాటు పెత్తనం కూడా పుష్కలంగా ఉంది, అది వేరే సంగతి.

"అమ్మా షాహీనా, తిన్నావా?"

"తిన్నాను బావగారూ. మంచినీళ్ళు గట్టు మీద పెట్టాను, తీసుకోండి."

నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. షాహీనా పరదాకి ఇవతల పీట మీద కూర్చుని, దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"ఇల్లు అమ్ముతున్నావంట."

ఇదే కదా తను కోరుకున్నది. వల వేసింది తనే, పడింది తను అనుకున్న చేపే. మొదట గుర్తొచ్చింది సబీహా ముఖం. నేనేం చేశానే అంటూ గడప మీద నిలబడి అడిగిన ముఖం. ఏ ముఖం పెట్టుకుని ఇప్పుడు అక్క దగ్గరికి వెళ్ళాలి?

"ఎవరు చెప్పారు బావగారూ?"

"ఎవరు చెబితే ఏంటమ్మా. నిజమా కాదా, అది చెప్పు."

"ఎవరు చెప్పారో మీరు చెప్పండి. నిజమో కాదో నేను చెప్తా."

ఇంటి పెద్దగా ఆయనకి ఎదురుప్రశ్నల అలవాటు లేదు. కుర్చీ కిర్రుమంది.

"చూడు, నిన్ను నా చెల్లెలిలా చూసుకున్నా. ఇద్దత్‌లో ఉన్న మనిషివి, పోయిన వారం మంగళవారం కారెక్కి గంపలగూడెం వెళ్ళావు. సబీహా నడిపింది. హన్నమ్మ టీచరు ఇంటి ముందు ఆపారు. నేను నోరెత్తలేదు. ఏదో అవసరం పడుంటుందిలే అనుకున్నా."

"అవసరమే. పగటిపూట అవసరానికి వెళ్ళి చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చని నేను అడిగి తెలుసుకునే వెళ్ళాను."

"ఏం అవసరం? చెప్పనా? డ్రైవింగ్ నేర్చుకుని, గంపలగూడెం నుంచి వచ్చిపోయే ఆడ టీచర్లని రోజూ కార్లో దింపుతావంట. షేర్ ఆటోల్లో ఇరుక్కుని వచ్చేవాళ్ళకి నువ్వు కారు నడుపుతావంట. ఇద్రీస్ భార్య డ్రైవరు పని చేసిందని నలుగురూ అనుకోవాలా? ఇప్పుడేమో ఇల్లు కూడా అమ్ముతావు. ఇట్టాంటి మనిషిని ఒక్కదాన్నే ఇంట్లో ఎట్టా వదిలిపెట్టమంటావు? ఇద్దత్ తీరిన మర్నాడే బండి పంపిస్తా. సామాను సర్దుకో."

ఇంకో రోజైతే ఆ చివరి మాటకి షాహీనా అరికాలి మంట నెత్తికెక్కేది. ఇవాళ ఆమె చెవులు మధ్యలో ఎక్కడో ఆగిపోయాయి. టీచర్ల సంగతి. హాల్లో ఆ ఊసు ఎత్తనేలేదు. హన్నమ్మ గారింట్లో కూడా ఆడవాళ్ళ మధ్య పైపైన అనుకున్నదే గాని, డ్రైవింగ్ నేర్చుకుంటానన్న మాట తను ఒక్క సబీహాతోనే అంది. అదీ ఇంట్లో కాదు. గోడలకి చెవులున్నాయని భయపడి, ఇంటికి వచ్చాక వాకిట్లో కారు ఆపి, అద్దాలు పైకెత్తి, లోపలే కూర్చుని గుసగుసగా చెప్పింది.

అయితే కారు కూడానా.

ఇక్కడ ఇద్రీస్ గురించి కొంచెం చెప్పాలి. అన్నదమ్ములిద్దరికీ కలిపి బస్టాండు దగ్గర లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉంది. మామిడి సీజన్లో విస్సన్నపేట నుంచి లోడ్లు, ఆ తర్వాత పత్తి, వడ్లు. డ్రైవర్లు దారిలో ఎక్కడ ఆగారు, నిద్రపోతున్నారా, పక్కన ఎవరిని ఎక్కించుకున్నారు అని చూసుకోవడానికి ఇద్రీస్ లారీలన్నిటికీ సిమ్ వేసే కెమెరాలు పెట్టించాడు. ఫోన్లో చూస్తే లారీ ఎక్కడుందో కనిపించేది, క్యాబిన్లో మాట్లాడుకునేది వినిపించేది. ఆ సరదా అతనికి లారీలతో తీరలేదు. సొంత కారుకి అద్దం వెనక ఒకటి బిగించాడు. ఇంట్లో హాలుకి ఒకటి తెచ్చాడు, గుడ్డులాగా తెల్లగా, అటూ ఇటూ తల తిప్పేది. దాన్ని షోకేసు మీద పెట్టి, ఇక ఇంటికి తాళం కూడా అక్కర్లేదని గొప్పలు పోయాడు. ఊళ్ళో దొంగల భయమా అంటే అదీ లేదు. చూసుకోవడం అలవాటైపోయింది, అంతే.

అతను పోయాక షాహీనా ఆ కెమెరాని వారం వారం తుడిచింది గాని తీయలేదు. అతని చేత్తో పెట్టిన వస్తువు. అయినా చూసేవాడే లేకపోయాక అది ఏం చేస్తుందిలే అనుకుంది.

ఇప్పుడు పీట మీద కూర్చుని, మెడ తిప్పి దానివైపు చూసింది. పక్కన చిన్న పచ్చ లైటు వెలుగుతోంది. ఆ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. ఆమే దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడు తట్టింది, ఫోన్.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, ఆచారం ప్రకారం ఇద్రీస్ బట్టలు, చెప్పులు లేనివాళ్ళకి పంచారు. వాచీ అక్క కొడుకుకి వెళ్ళింది. పీర్‌సాహెబ్ ఏమీ అడగలేదు. చివర్లో గొంతు సవరించుకుని, తమ్ముడి ఫోన్ ఇస్తే ఉంచుకుంటానని మాత్రం అన్నాడు. షాహీనా సిమ్ తీసి దాచుకుని, ఫోన్ని ఇద్రీస్ చేతిరుమాల్లో కట్టి పరదా కింద నుంచి పంపింది. తెరవడానికి గీయాల్సిన గీత కూడా చెప్పింది. సిమ్ తీసేస్తే ఫోన్ ఖాళీ అయిపోయినట్టేనని ఆమె లెక్క. ఎవరైనా అలాగే అనుకుంటారు. సిమ్ లేకపోతే ఏముంది, వైఫై తగిలితే చాలు, లోపల అన్నీ అట్లాగే బతికుంటాయని ఆ దుఃఖంలో ఎవరికి గుర్తుంటుంది?

ఆమె లేచి నిలబడింది.

"బావగారూ, నేను ఇల్లు అమ్మట్లేదు. ఎవరితోనూ ఆ మాట అనలేదు. నిన్న సాయంత్రం స్విచ్చాఫ్ చేసిన ఫోన్ పట్టుకుని హాల్లో ఒక్కదాన్నే అన్నాను. ఎవరు వింటున్నారో తెలియాలని అన్నాను. తెలిసింది."

అవతల మోటారుసైకిల్ తాళాలు గలగలమని ఆగాయి.

"అక్కని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం అది ఏడ్చుకుంటూ పోయింది. ఆ పాపం నాది. మరి మీ సంగతేంటి? నలభయ్యో రోజు నా చేత్తో మీకు ఆయన ఫోన్ ఇచ్చాను. అందులో ఈ ఇల్లు కనిపిస్తది, ఆ కారు కనిపిస్తది. నాకు తెలియలేదు. మీకు తెలుసు, లారీలన్నీ మీరు అట్లాగే చూస్తారుగా."

"షాహీనా..."

"నన్ను చెప్పనివ్వండి. ఇద్దత్‌లో ఉన్నదాన్ని పరాయి మగాడు చూడకూడదని ఈ దుప్పటి కట్టించింది మీరు. ఇన్ని నెలలూ అటు తిరిగి కూర్చున్నారు. నా నీడ కూడా చూడలేదని వీధి వీధంతా మిమ్మల్ని మెచ్చుకుంటోంది. జేబులో మాత్రం నన్ను పెట్టుకు తిరిగారు. ఈ హాల్లో నేను తల మీద కొంగు లేకుండా ఉన్నాను. నేల మీద పడి దొర్లాను. ఆయన చొక్కా పట్టుకుని ఆయన్నే తిట్టాను, నన్ను ఒంటరిదాన్ని చేసి పోయావని. మనిషన్నాక అట్లా ఏడవడానికి ఒక చోటు ఉండాలి కదా. నా ఏడుపు నాది. దాన్ని ఎవరు చూడమన్నారు మిమ్మల్ని?"

ఇంతకాలం బావగారి ముందు ఇన్ని మాటలు ఒక్కసారిగా అన్నది లేదు. ఇప్పుడు ఆయన కేకలేస్తాడని, ఛీ అని లేచిపోతాడని ఎదురుచూసింది. పోతే పోనీ. ఇల్లు దక్కాలంటే ఈ పోట్లాట ఎప్పటికైనా తప్పదు. ఇలాంటి పని చేసిన మనిషి తనని ఏ హక్కుతో రమ్మంటాడు?

కేకలు వినిపించలేదు. కుర్చీ జరిగింది. అడుగులు పరదా దాకా వచ్చి ఆగాయి. దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి, గచ్చు మీద ఒక చిన్న మూట పెట్టి వెనక్కి వెళ్ళింది.

"నువ్వు ఇచ్చింది అదే కదమ్మా. చూసుకో."

షాహీనా వంగి తీసుకుంది. అదే చేతిరుమాలు, నీలం గళ్ళది. చెమటకి, మడతలకి నలిగి మెత్తగా అయిపోయింది. పైన ముడి ఉంది. ఒకదాని మీద ఒకటి రెండు ముళ్ళు వేసి, చివర్లు లోపలికి దోపడం ఆమె పద్ధతి. సంతకి వెళ్ళినప్పుడు కూరగాయల సంచీకి కూడా అలాగే వేస్తుంది, విప్పలేక ఇద్రీస్ విసుక్కునేవాడు. చివర్లు దోపినవి దోపినట్టే ఉన్నాయి. ఎవరూ విప్పలేదు.

గోళ్ళతో తనే విప్పింది. ఫోన్ తెర మీద ఆమె వేలిముద్రలే ఎండిపోయి ఉన్నాయి. బటన్ నొక్కింది. వెలగలేదు. ఎప్పుడో చచ్చిపోయింది.

"చార్జింగ్ పెట్టలేదమ్మా నేను," పీర్‌సాహెబ్ గొంతు ఎటో చూస్తూ మాట్లాడుతున్నట్టుంది. "గీత చెప్పావు గాని అప్పుడే మర్చిపోయా. తెరవాలనిపించలేదు. లోపలి జేబులో వేసుకుని తిరుగుతున్నా. కొంచెం బరువు తగుల్తా ఉంటే వాడు పక్కన ఉన్నట్టుంటది. అంతేనమ్మా. ఇంకేం లేదు."

సిగ్గుతో షాహీనాకి చెవులు వేడెక్కాయి. వారం తిరక్కుండా ఇది రెండోసారి. అప్పుడు అక్కని, ఇప్పుడు ఈయన్ని. ఎవరో చేసిన పనికి కనిపించినవాళ్ళందరినీ బోనెక్కిస్తోంది. ఏం మనిషినయ్యాను నేను అని తనని తనే తిట్టుకుంది.

"తప్పయింది బావగారూ. నన్ను క్షమించండి."

"పర్లేదులే."

"కానీ మీకు తెలిసిందిగా. ఇల్లు సంగతి, గంపలగూడెం సంగతి, కార్లో అన్న మాట. ఎవరు చెప్పారు?"

"అది మాత్రం అడగొద్దమ్మా. మాటిచ్చాను."

"నా ఇంట్లో మాటలు నాకు చెప్పకుండా ఉండటానికి ఎవరికి ఇచ్చారు మాట?"

గట్టు మీది గ్లాసు ఎత్తినట్టు, నీళ్ళు లేవని మళ్ళీ పెట్టినట్టు చప్పుడైంది. పాపం ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాడు. ఎవరిని కాపాడుతున్నాడో అర్థం కాక షాహీనాకి పిచ్చెత్తినట్టయింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాలా? లారీ కెమెరాలు బిగించిన కుర్రాళ్ళా? ఎవరైతేనేం, ఎవరో ఒకరు ఇప్పుడు కూడా చూస్తూనే ఉన్నారు. ఆ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. చేతిరుమాలు పట్టుకుని తను ఏడుస్తున్న ముఖం ఎక్కడో ఒక తెర మీద కనిపిస్తోంది.

చరచరా షోకేసు దగ్గరికి నడిచింది. కెమెరా వైరు షోకేసు వెనక నుంచి కిందికి దిగి, టీవీ పక్కన ప్లగ్గు పాయింటులో ఉంది. కూర్చుని చెయ్యి లోపలికి పెట్టి తడిమింది.

"ఏం చేస్తున్నావమ్మా?" పరదా అవతల నుంచి పీర్‌సాహెబ్ కంగారుగా అడిగాడు.

"వైరు పీకేస్తున్నా. ముందే చేయాల్సింది."

"వద్దమ్మా. వద్దు. పీకితే ఆ పిల్ల హడలిపోద్ది."

అనేశాక గాని ఆయనకి తను ఏమన్నాడో తెలియలేదు. షాహీనా చెయ్యి ప్లగ్గు మీదే ఆగిపోయింది.

"ఏ పిల్ల?"

షోకేసు మీద కిర్రుమంది. తెల్లటి గుడ్డు మెల్లగా తల తిప్పి, కిందికి వంగి, నేల మీద కూర్చున్న షాహీనా వైపు చూసింది.

"అమ్మా," అంది.

డబ్బాలోంచి వచ్చినట్టు గరగరమంటోంది గాని, ఆ పిలుపు పోల్చుకోవడానికి షాహీనాకి క్షణం పట్టలేదు. కూతురు అబీదా. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్న కూతురు. రోజూ రాత్రి ఫోన్ చేసి, తిన్నావా అమ్మా అని అడిగి, తిన్నానంటే సరేలే అని పెట్టేసే కూతురు.

"అబీదా... నువ్వా?"

"పెదనాన్నని ఏమీ అనకమ్మా. ఆయనకి చెప్పింది నేనే. ఇంటిదీ కారుదీ నాన్న నా ఫోన్లో కూడా పెట్టాడు. నేను హాస్టల్లో చేరేటప్పుడు, ఇంటి మీద బెంగొస్తే చూసుకోమని పెట్టాడు."

"నాతో ఒక్క మాట చెప్పలేదే."

"చెబితే తీసేస్తావని."

"నన్ను చూస్తున్నావా? ఇన్ని నెలల నుంచి?"

అటు నుంచి ఏడుపు మొదలైంది. డబ్బాలోంచి వచ్చే ఏడుపు, మధ్యమధ్యలో తెగిపోతూ, మళ్ళీ అతుక్కుంటూ. "తిన్నానంటావు, తినవు. నాకు కనిపిస్తది. గిన్నె అట్లాగే మూత పెట్టేస్తావు. రాత్రి ఇక్కడే నేల మీద పడుకుంటావు. నువ్వు ఊపిరి తీస్తున్నావో లేదో చూసుకుని నేను పడుకుంటా. ఒక్కదానివి ఆ ఇంట్లో వద్దమ్మా. అందుకే పెదనాన్నకి చెప్పా, తీసుకెళ్ళమని. కారు కదిలితే నాకు ఫోన్లో తెలుస్తది. అన్నీ చెప్పా. ఇల్లు అమ్ముతున్నావంటే భయమేసి అదీ చెప్పా. నీ మీద చాడీలు చెప్పాలని కాదమ్మా."

షాహీనాకి కూతుర్ని అక్కున చేర్చుకోవాలనిపించింది. అదే నిమిషంలో రెండు చెంపలూ వాయించాలనీ అనిపించింది. కడుపున పుట్టిన పిల్ల, పరాయిది కాదు. తల్లి కోసం నిద్ర మానుకున్న పిల్ల. అయినా కూతురు చూడకూడని ఏడుపులు తల్లికి ఉంటాయి. కూతురు వినకూడని తిట్లు ఉంటాయి. అవన్నీ ఈ పద్దెనిమిదేళ్ళది హాస్టల్ మంచం మీద దుప్పటి కప్పుకుని చూసింది, వింది. తన మీద జాలిపడింది. తనకి చెప్పకుండా తన గురించి పెద్దలతో మాట్లాడి, తన ఇల్లు తనకి లేకుండా చేయబోయింది. ప్రేమతోనే. అదే షాహీనాకి మింగుడుపడలేదు. శత్రువైతే తిట్టిపోసేది.

"నన్ను అడగాల్సిందే అబీదా," అంది చివరికి. "ఏడుస్తున్నావా అమ్మా అని నన్ను అడిగితే చెప్పేదాన్ని. దొంగచాటుగా చూడటం ఏంటి? నేను నీ లారీ డ్రైవర్నా?"

"అడిగితే నువ్వు చెప్పవు. నాన్న కూడా చెప్పలేదు, ఛాతీలో నొప్పని."

పరదా అవతల పీర్‌సాహెబ్ సన్నగా మూలిగాడు. "అబీదా, వద్దురా తల్లీ, ఇప్పుడు వద్దు," అన్నాడు.

"చెప్తా పెదనాన్నా. ఇంక నా వల్ల కాదు." గరగర కాసేపు ఆగింది. "అమ్మా, ఆ రోజు నేను క్లాసులో ఉన్నా. ఇంట్లో ఎవరో కదిలితే ఫోన్ మోగుతది కదా, మోగింది. చూశా. నాన్న హాల్లో కింద పడి ఉన్నాడు. నువ్వు సబీహా పెద్దమ్మ కొట్టు దగ్గర ఉన్నావు. నీకు చేశా. నీ ఫోన్ ఆ హాల్లోనే మోగింది, నాకు వినిపించింది. పెదనాన్న ఆఫీసులో ఉన్నాడని ఆయనకి చేశా. ఆయన వచ్చేదాకా ఇందులోంచే నాన్నని పిలిచా. పిలుస్తూనే ఉన్నా అమ్మా."

షాహీనా నేల మీద అలాగే చతికిలబడిపోయింది. ఆ రోజు తన ఫోన్లో అబీదా నుంచి వచ్చిన మిస్డ్ కాల్ ఆమెకు లీలగా గుర్తుంది. ఆ తర్వాత వచ్చిపడ్డ పరామర్శల ఫోన్లలో కలిసిపోయింది. కబురు విని ఫోన్ చేసి ఉంటుందిలే అనుకుంది. ఒక్కడే పోయాడు, ఆఖరి ఘడియలో గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోయాడు అని ఇన్నాళ్ళూ గుండెలు బాదుకుంది. ఒక్కడే పోలేదు. వాళ్ళ పిల్ల గొంతు ఈ హాల్లో ఉంది. ఆ పిల్ల అంతా చూసింది, ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి కడుపులో పెట్టుకుని క్లాసులకి వెళ్ళింది.

"నాన్న తల తిప్పి ఇటు చూశాడమ్మా," అబీదా చెబుతోంది. "నన్ను గుర్తుపట్టాడు. నాతో మాట్లాడాడు. ఇది పెదనాన్నకి కూడా నేను చెప్పలేదు. అమ్మతో చెప్పమని ఒక మాట..."

"ఆగు."

"అమ్మా?"

"ఆగు. చెప్పకు."

షాహీనా ముఖం తుడుచుకుంది. ఆ మాట వినాలని ఒళ్ళంతా చెవులై ఉంది. ఇన్ని నెలలుగా ఆమె వెతుక్కుంటున్నది అదొక్కటే. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అది ఆ తెల్లటి డబ్బాలోంచి, గరగరమంటూ, తెగుతూ అతుకుతూ బయటికి వచ్చేస్తుంది. ఇద్రీస్ తన కోసం అన్న ఆఖరి మాట.

"ఆయన నాకు చెప్పమన్న మాట నేను ఈ డబ్బాలోంచి వినను. ఇందులో ఇంకెవరు వింటున్నారో నీకు తెలుసా? నువ్వు చూస్తున్నావని నాకు తెలిసిందా? అట్లాగే. ఆ మాట నాది, నా చెవిలో చెబుదువుగాని. హాస్టల్ గేటు దగ్గర నిలబడు. నేను వస్తున్నా."

"నువ్వా? ఇద్దత్‌లో..."

"వస్తున్నానని చెప్పాగా. ఇప్పుడు దీన్ని పీకేస్తా. భయపడకు. నేను ఊపిరి తీస్తూనే ఉంటా."

ప్లగ్గు లాగేసింది. పచ్చ లైటు ఆరిపోయింది. గుడ్డు తల కిందికి వంచినట్టే ఉండిపోయింది.

షాహీనా లోపలికి వెళ్ళి బురఖా వేసుకుని, మేకుకి తగిలించిన కారు తాళాలు తీసుకుని, పరదా దగ్గరికి వచ్చి నిలబడింది. ఇప్పుడు ఆయన ఒప్పుకోకపోతే సబీహా కాళ్ళు పట్టుకునైనా కారు తీయిస్తుంది. అదీ కుదరకపోతే బస్టాండుకి నడిచి మైలవరం మీదుగా వెళ్ళే ఏ బస్సైనా ఎక్కుతుంది. ఒకటి మాత్రం ఖాయం, ఎవరినీ అనుమతి అడగబోవటం లేదు.

"బావగారూ, నేను విజయవాడ వెళ్తున్నాను. రాత్రికి నా ఇంటికి నేను వచ్చేస్తాను."

నా ఇంటికి అన్న మాటని ఆమె కొంచెం నొక్కి అంది.

అవతల పీర్‌సాహెబ్ పరదా దగ్గరికి వచ్చాడు. "ఇద్దత్..." అని మొదలుపెట్టాడు, అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో పెత్తనం లేదు, పెద్దరికం కూడా లేదు.

"నేను వచ్చేసరికి వాడు పలకలేదమ్మా. ఎంత పిలిచినా పలకలేదు. మాట్లాడాడని ఆ పిల్ల నాకు చెప్పనేలేదు." దుప్పటి కింద నుంచి మళ్ళీ ఆ చెయ్యి లోపలికి వచ్చింది, ఈసారి ఖాళీగా, అరచెయ్యి పైకి. "తాళాలివ్వు. ముందు ఆ అద్దం వెనకున్నదాన్ని పీకేసి వస్తా. నువ్వు వెనక సీట్లో కూర్చో."